నల్లని పాలిమర్, కనిపించని కాంతి: క్యాన్సర్ కణితిని వేడితో చంపే పరిశోధన ఎంతదాకా వచ్చింది?

క్లుప్తంగా: కంటికి కనిపించని కాంతిని పీల్చుకుని వేడిగా మార్చే నానో రేణువులతో కణితిని లోపలినుంచే కాల్చే పద్ధతి పేరు ఫొటోథర్మల్ థెరపీ. పాలిమర్‌తో చేసిన రేణువులు ఎలుకల్లో బాగా పనిచేశాయి. మనుషుల దాకా వచ్చినవి మాత్రం బంగారు పూత రేణువులు. వేడి పుట్టించడం ఇప్పుడు పెద్ద పని కాదు. రేణువును కణితికి చేర్చడం, కాంతిని లోతుకు పంపడం, పనయ్యాక రేణువును ఒంట్లోంచి బయటకు పంపడం అనే మూడు చిక్కులే మిగిలాయి. పాలిమర్ల మీద ఆశంతా ప్రధానంగా ఆ మూడో చిక్కు గురించే.

"లేజర్‌తో క్యాన్సర్ మాయం", "నానో రేణువులతో కణితి భస్మం" లాంటి శీర్షికలు తరచూ కనిపిస్తూనే ఉంటాయి. ఇంట్లో క్యాన్సర్ పేషెంటు ఉన్నవాళ్ళు ఆ వార్తను ఫోన్‌లో దాచుకుని ఆసుపత్రికి వెళ్తారు. "అది ఇంకా రాలేదమ్మా" అంటారు డాక్టరు. వార్తలో రాసింది అబద్ధం కాదు, డాక్టరు చెప్పిందీ నిజమే. ప్రయోగశాలలో ఏళ్ళ తరబడి "విజయవంతం" అవుతున్న పద్ధతి ఆసుపత్రి మెట్లు ఎందుకు ఎక్కడం లేదన్నదే తేల్చుకోవాల్సిన విషయం.

అరచేతి కింద టార్చి

చీకట్లో సెల్‌ఫోన్ టార్చి వెలిగించి దానిమీద వేలు ఆనిస్తే వేలు ఎర్రగా వెలుగుతుంది. టార్చి వెలుగు తెల్లనిదే. అందులోని నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తంలోని హిమోగ్లోబిన్ తాగేస్తుంది. ఎరుపు మాత్రం దాటి ఇవతలికి వస్తుంది. ఎరుపును కూడా దాటి, కంటికి ఆనని సమీప పరారుణ కాంతి ఇంకాస్త లోపలికి పోగలదు. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సిమీటరు చేసేది ఈ పనే. 660 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఎరుపు కాంతిని, 940 నానోమీటర్ల దగ్గరి పరారుణ కాంతిని వేలిలోంచి పంపి, అవతలికి ఎంత చేరిందో కొలుస్తుంది.

సుమారు 650 నుంచి 950 నానోమీటర్ల మధ్య ఉన్న ఈ మేరను శరీరానికి కిటికీ అనుకోవచ్చు. అంతకంటే తక్కువైతే రక్తం అడ్డుపడుతుంది, బాగా ఎక్కువైతే నీరు. ఫొటోథర్మల్ ప్రయోగాల్లో 808 నానోమీటర్ల లేజర్ పదేపదే కనిపించడానికి కారణం ఇదే. 1000 నానోమీటర్లు దాటాక నీరు అంతగా అడ్డురాని మేర మరొకటి ఉంది. దాన్ని రెండో కిటికీ అంటున్నారు. అక్కడ కాంతి తక్కువ చెదురుతుంది కాబట్టి ఇంకొంచెం లోతుకు వెళ్తుంది. ఈమధ్య వస్తున్న పరిశోధనల్లో 1064 నానోమీటర్ల లేజర్ ఎక్కువగా కనిపించడం అందుకే.

మామూలు కణజాలం ఈ కాంతిని పెద్దగా పట్టించుకోదు. అందువల్ల కాంతి వల్ల దానికి పెద్దగా నష్టమూ లేదు. అదే కాంతిని గట్టిగా పీల్చుకునే వస్తువును కణితిలో మాత్రమే పెట్టగలిగితే, వేడి అక్కడే పుడుతుంది. ఎండలో తెల్లచొక్కా, నల్లచొక్కా పక్కపక్కన ఆరేసినట్టన్నమాట. పద్ధతి మొత్తం ఈ ఒక్క ఆలోచన మీదే నడుస్తుంది.

వంకాయ ముక్క ఎందుకు నల్లబడుతుంది?

పీల్చుకునే వస్తువుగా పాలిమర్ ఎలా పనికొస్తుంది? పాలిమర్ అనగానే ప్లాస్టిక్ బకెట్టు గుర్తొస్తుంది గానీ ఇవి ఆ జాతి కావు. వీటిలో చాలావాటి గొలుసులో కార్బన్ అణువుల మధ్య ఒంటి బంధం, జంట బంధం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అలా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు ఒకచోట కట్టుబడి ఉండక గొలుసు వెంట పరుచుకుంటాయి. గొలుసు పొడుగయ్యే కొద్దీ వాటిని కదిలించడానికి తక్కువ శక్తి చాలు. తక్కువ శక్తి ఉన్న కాంతి అంటే ఎరుపు, పరారుణం. అందుకే ఈ పాలిమర్లు ముదురు రంగుల్లో, చాలాసార్లు నల్లగా ఉంటాయి. ఇలాంటివి విద్యుత్తును కూడా ప్రసారం చేయగలవని 1977లో చూపినందుకే హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావాలకు 2000లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. అప్పట్లో ఎవరూ క్యాన్సర్ గురించి ఆలోచించలేదు. పాలీఅనిలీన్, పాలీపిర్రోల్ లాంటి ఆ కుటుంబపు పాలిమర్లు కణితుల మీదికి వచ్చింది 2011 ప్రాంతంలోనే.

ఇంకో రకం పాలీడోపమైన్. దాని పుట్టుక వంటింట్లో కనిపిస్తుంది. వంకాయ తరిగి నీళ్ళలో వేయకుండా వదిలేస్తే కాసేపటికి ముక్కలు నల్లబడతాయి. ముక్కలోని ఫినాలిక్ పదార్థాలు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, ఒకదానికొకటి అతుక్కుని నల్లని పదార్థంగా మారతాయి. అరటితొక్క మీద వచ్చే నల్లమచ్చలదీ దాదాపు ఇదే కథ. ఆ తొక్కలో నిజంగానే డోపమైన్ ఉంటుంది. ప్రయోగశాలలో కొంచెం క్షారగుణం ఉన్న నీటిలో డోపమైన్ కలిపి, గాలి తగిలేలా తిప్పుతూ ఉంచుతారు. తేట నీరు మొదట లేత రంగుకు తిరిగి, తర్వాత గోధుమరంగుకు వచ్చి, చివరకు చిక్కటి కాఫీ డికాక్షన్‌లా నల్లబడుతుంది. ఆ నలుపులో తేలేవే నానో రేణువులు. మన జుట్టుకూ చర్మానికీ రంగునిచ్చే మెలనిన్‌కు ఇది దగ్గరి చుట్టం. శరీరానికి మరీ పరాయిది కాదన్న ధీమా అక్కడినుంచే వచ్చింది.

కాంతిని పీల్చుకున్న అణువు ఆ శక్తిని మూడు దారుల్లో వదిలించుకోగలదు. తిరిగి కాంతిగా వెలిగి వదలొచ్చు. పక్కనున్న ఆక్సిజన్‌కు అప్పగించవచ్చు. లేదా కంపించి, ఆ కుదుపును చుట్టూ ఉన్న నీటికి ఇచ్చేయవచ్చు. ఆ కుదుపే వేడి. మొదటి రెండు దారులూ మూసేసి మూడోదాన్ని తెరిచి ఉంచడమే ఈ పాలిమర్లను తయారుచేసే రసాయన శాస్త్రవేత్తల పని. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో పాలీడోపమైన్ రేణువులు పీల్చుకున్న కాంతిలో 40 శాతాన్ని వేడిగా మార్చాయి. పోలికకు తీసుకున్న బంగారు కడ్డీల లెక్క 22 శాతం. ఈ శాతాలను ఒక్కో ల్యాబు ఒక్కో రకంగా కొలుస్తుంది కాబట్టి, 40 కంటే 60 గొప్పదని వెంటనే అనేసుకోనక్కర్లేదు.

ఎంత వేడి, ఎంతసేపు?

వేడితో కణాన్ని చంపడంలో ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే సరిపోదు, సమయాన్నీ కలిపి చూడాలి. 43 డిగ్రీల దగ్గర కణాలు చావడానికి గంట పడుతుందనుకుంటే, ఆపైన పెరిగే ఒక్కో డిగ్రీకి ఆ సమయం సుమారుగా సగమవుతూ పోతుందని రేడియేషన్ జీవశాస్త్రవేత్తలు 1980లలోనే సూత్రం కట్టారు. 44 దగ్గర అరగంట, 45 దగ్గర పావుగంట. అలా లెక్క కడుతూ పోతే 50 డిగ్రీల దగ్గర అర నిమిషం కూడా అక్కర్లేదు. 60 దాటితే గుడ్డులోని తెల్లసొన ఉడికి గట్టిపడినట్టు కణంలోని ప్రోటీన్లు అక్కడికక్కడే గడ్డకడతాయి.

శక్తి లెక్క చూసినా పెద్ద సంఖ్యలేమీ రావు. ఒక గ్రాము కణజాలాన్ని 37 నుంచి 50 డిగ్రీలకు తేవడానికి సుమారు 45 జౌల్స్ శక్తి చాలు. ఒక వాట్ వేడి ముప్పావు నిమిషం పాటు అందితే సరి. కాగితం మీద ఇంత తేలిక. ఒంట్లో మాత్రం రక్తం ఆగకుండా పారుతూ ఆ వేడిని మోసుకుపోతుంది, కారు ఇంజినుకు రేడియేటరులాగా. పెద్ద రక్తనాళం పక్కనున్న కణితి అంచులు తగినంత వేడెక్కకపోవడం, మిగిలిపోయిన ఆ అంచునుంచే జబ్బు తిరగబెట్టడం వేడి చికిత్సలన్నిటికీ ఉన్న పాత తలనొప్పి. దానికితోడు, కొద్దిగా వేడెక్కి చావకుండా మిగిలిన కణాలు వేడినుంచి కాపాడే హీట్ షాక్ ప్రోటీన్లను తయారుచేసుకుని తర్వాతి విడత వేడిని తట్టుకుంటాయి. ఈ ప్రోటీన్లను అడ్డుకునే మందును అదే పాలిమర్ రేణువులో దట్టించి పంపే ప్రయత్నాలు అందుకే జరుగుతున్నాయి.

బంగారం ముందు నడిచింది

క్యాన్సర్‌ను వేడితో కొట్టాలన్న ఆలోచన పాతదే. తీవ్ర జ్వరం వచ్చిన కొందరు రోగుల్లో కణితులు కరగడం గమనించిన న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ 1890లలో బ్యాక్టీరియాతో కావాలనే జ్వరం తెప్పించాడు. అందులో వేడి వంతు ఎంతో, రోగనిరోధక శక్తి వంతు ఎంతో అప్పటికి తెలియదు. ఆ రెండో సంగతి మళ్ళీ ముందుకొస్తుంది.

నానో రేణువుల కథ 2003లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో మలుపు తిరిగింది. నయోమి హాలస్, జెనిఫర్ వెస్ట్ బృందం సిలికా గోళీ మీద పలుచటి బంగారు పూత వేసి, ఆ రేణువులతో ఎలుకల్లోని కణితిని పరారుణ లేజర్ కింద వేడెక్కించి చూపింది. ఆ దారి చివరికి మనుషుల దాకా వచ్చింది. 2019లో ప్రచురితమైన తొలి ఫలితాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న 16 మందిని తీసుకున్నారు. ముందురోజు రేణువులను రక్తనాళంలోకి ఎక్కించారు. మర్నాడు ఎంఆర్ఐ, అల్ట్రాసౌండ్ చిత్రాల సాయంతో సన్నటి లేజర్ ఫైబర్లను ప్రోస్టేట్‌లోకే దించారు. 15 మందికి చికిత్స పూర్తయింది.

గమనించాల్సింది లేజర్ ఎక్కడినుంచి వచ్చిందన్నది. చర్మం మీదనుంచి కాదు, సూదిలాంటి ఫైబర్ ద్వారా లోపలినుంచి. "కోత లేదు, కుట్టు లేదు, బయటినుంచి వెలుగు చూపిస్తే చాలు" అని వార్తల్లో వచ్చే బొమ్మ లోపలి అవయవాల విషయంలో నిజమయ్యే సూచనలు తక్కువ.

మరి పాలిమర్ ఎందుకు?

బంగారం ఇంతదూరం వచ్చాక పాలిమర్ కోసం తాపత్రయం దేనికన్న ప్రశ్న సహజం. బంగారం కరగదు, అరగదు. 150 నానోమీటర్ల రేణువు కిడ్నీ జల్లెడలో పట్టదు, ఎందుకంటే ఆ జల్లెడలోంచి జారేది ఐదారు నానోమీటర్ల లోపువే. మిగిలినవి లివర్‌లో, ప్లీహంలో కూర్చుంటాయి. నెలలు గడిచినా అక్కడే ఉంటాయి. హాని చేయకపోవచ్చు. అయినా ఇరవై ఏళ్ళ తర్వాత ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి.

ఈ చిక్కును బంగారంతోనే విప్పే ప్రయత్నం మనవాళ్ళు చేశారు. ఐఐటీ బాంబేలో రోహిత్ శ్రీవాస్తవ బృందం, ప్రస్తుతం సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న అరవింద్ కుమార్ రెంగన్ మొదటి రచయితగా, 2015లో ఒక పరిశోధన ప్రచురించింది. కొవ్వు పదార్థంతో చేసిన లైపోజోమ్ బుడగ మీద చిన్న చిన్న బంగారు రేణువులను పేర్చారు. పని అయ్యాక బుడగ లివర్ కణాల్లో విచ్చిపోతుంది. విడివడిన చిట్టి రేణువులు పైత్యరసం ద్వారా, కిడ్నీల ద్వారా బయటకు పోతాయి. బండి పెద్దది, సరుకు చిన్నది అన్న ఉపాయం.

పాలిమర్ ఈ ఉపాయాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్ళగలదు. గొలుసులో తెగే చోట్లు ముందే పెట్టి తయారుచేయవచ్చు. శరీరంలో కరిగిపోయే కుట్లలో, నెలల తరబడి మందు వదిలే ఇంజెక్షన్లలో ఇప్పటికే వాడుతున్న పీఎల్‌జీఏ అనే పాలిమర్ లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలుగా విడిపోతుంది. ఆ ఆమ్లాలను అరిగించుకోవడం ఒంటికి అలవాటే. అమెరికాలో 1959లోనే అనుమతి పొందిన ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగు పరారుణ కాంతిని పీల్చుకుంటుంది గానీ, రక్తంలో నిమిషాల్లోనే మాయమవుతుంది. దాన్ని పీఎల్‌జీఏలో చుట్టి పంపితే ఎక్కువసేపు నిలుస్తుంది. భాగాలు రెండూ పాత మిత్రులే కాబట్టి అనుమతుల దారి కొంత సులువవుతుందని ఈ రంగంలోవాళ్ళ అంచనా. ఇబ్బందేమిటంటే, లేజర్ కింద ఆ రంగు త్వరగా వెలిసిపోతుంది.

వెలిసిపోకుండా గట్టిగా నిలబడేవి పాలీపిర్రోల్ లాంటి నల్ల పాలిమర్లు. అవేమో తేలిగ్గా అరగవు! పాలిమర్ అన్నంత మాత్రాన ఒంట్లో కరిగిపోతుందన్న భరోసా ఏమీ లేదు. ఈ రంగంలో ఇప్పుడు జరుగుతున్న అసలు బేరం ఇదే. పది నిమిషాల లేజర్‌ను తట్టుకోవాలి, పదిరోజుల తర్వాత మిగలకూడదు. ఈ రెండూ ఒకే గొలుసులో కుదిర్చిన పాలిమర్ ఎలుకల దశ దాటి, ఆసుపత్రిలో ఆమోదం పొందిన చికిత్సగా ఇంకా మారలేదు.

వెయ్యిలో ఏడు

రేణువును రక్తంలోకి ఎక్కిస్తే కణితికి ఎలా చేరుతుంది? జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయెదా 1986లో చెప్పిన ఆధారం మీదే చాలాకాలం ఈ రంగం నిలబడింది. కణితి ఆదరాబాదరాగా రక్తనాళాలు కట్టుకుంటుంది, అవి చిల్లులుపడ్డ పైపుల్లా ఉంటాయి. పెద్ద అణువులు ఆ సందుల్లోంచి జారి కణితిలో పడతాయి. బయటకు తీసుకుపోయే శోషరస నాళాలు సరిగా ఉండవు కాబట్టి అక్కడే చిక్కుకుంటాయి.

వినడానికి బాగుంది. అయితే టొరంటో విశ్వవిద్యాలయంలోని వారెన్ చాన్ బృందం పదేళ్ళలో వచ్చిన పరిశోధనలను జల్లెడపట్టి 2016లో తేల్చిన లెక్క చాలామందికి చేదుగా అనిపించింది. ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతమే. వెయ్యి రేణువులు పంపితే ఏడు చేరాయి. మిగిలినవాటిలో సింహభాగాన్ని లివర్, ప్లీహాల్లోని మాక్రోఫేజ్‌లు, అంటే పరాయి వస్తువులను మింగేసే రోగనిరోధక కణాలు, పట్టుకుంటాయి. రక్తంలో పడిన మరుక్షణం రేణువు మీద ప్రోటీన్లు పేరుకుంటాయి. ఆ తొడుగును చూసి రోగనిరోధక కణాలు దాన్ని పరాయిదిగా గుర్తుపడతాయి. పెగ్ అనే పాలిమర్ పూత వేస్తే కొంతసేపు తప్పించుకోవచ్చు, అంతే.

ఫొటోథర్మల్ పద్ధతికి ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. కీమో మందు లివర్‌కు వెళ్తే అక్కడా పని చేస్తుంది, హానీ చేస్తుంది. ఈ రేణువు లివర్‌లో ఉన్నా కాంతి పడనంతవరకు ఊరికే ఉంటుంది. లేజర్ చూపించిన చోటే వేడి పుడుతుంది. మందును గురిపెట్టడంలో తప్పినదాన్ని కాంతిని గురిపెట్టడంతో సరిదిద్దుకోవచ్చు. పైపైన ఉన్న కణితి అయితే రక్తం దారి వదిలేసి నేరుగా కణితిలోకే సూది వేసే వీలూ ఉంది. క్యాన్సర్ వేరేచోట్లకు పాకి వేసిన, కనిపించని చిన్న చిన్న గడ్డలు (మెటాస్టాసిస్‌లు) ఎక్కడెక్కడ ఉన్నాయో తెలియనప్పుడు మాత్రం ఈ వెసులుబాటు ఎందుకూ కొరగాదు. ఎక్కడ ఉందో తెలియనిదాని మీద లేజర్ ఎలా పెడతారు?

ఎలుక చూపే ఫలితం, మనిషికి పట్టే కొలత

ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది ఇరవై గ్రాముల చిట్టెలుక. దాని పక్కటెముకల దగ్గర చర్మం కిందే కణితి పెంచుతారు. 0.1 గ్రాము కణితి అంటే దాని బరువులో రెండువందల వంతు. 60 కిలోల మనిషికి అదే లెక్క వేస్తే 300 గ్రాముల గడ్డ. ఎలుక కణితి మొత్తం మందం కాంతి చొరబడే లోతుకు సరిపోతుంది. మనిషిలో ఒక్క సెంటీమీటరు లోతుకు వెళ్ళేసరికే కాంతిలో చాలా భాగం చెదిరి, ఆరిపోయి ఉంటుంది.

లేజర్ తీవ్రత దగ్గర కూడా తేడా ఉంది. 808 నానోమీటర్ల కాంతిని చర్మం మీద వాడటానికి అంతర్జాతీయంగా పాటించే సురక్షిత పరిమితి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.33 వాట్లు. ఎలుకల ప్రయోగాల్లో 1, కొన్నిసార్లు 2 వాట్లు కూడా వాడేశారు. 1064 నానోమీటర్ల దగ్గర ఆ పరిమితి 1 వాట్ దాకా పెరుగుతుంది. రెండో కిటికీ మీద మోజుకు లోతుతో పాటు ఇదీ కారణమే.

పరిశోధన పత్రాల్లో అరుదుగా కనిపించే మాట ఇంకొకటి ఉంది. చాలా ప్రయోగాల్లోని ఎలుకలు తెల్లవి, కొన్ని వెంట్రుకలు కూడా లేనివి. మెలనిన్ కూడా ఈ కాంతిని కొంత పీల్చుకుంటుంది. చామనఛాయ, నలుపు చర్మాల మీద అదే లేజర్ అదే ధాటితో లోపలికి వెళ్ళదు, పైచర్మం ముందుగా వేడెక్కుతుంది. మన దేశంలో పరీక్షించే రోజు వస్తే మొదట తేల్చాల్సిన లెక్కల్లో ఇదొకటి.

పేర్లు దగ్గరివే, పనులు వేరు

వార్తల్లో గందరగోళం ఎక్కువగా ఇక్కడే. ఫొటోడైనమిక్ థెరపీలో కాంతి మందును వేడెక్కించదు. మందు ఆక్సిజన్‌ను విషపూరితంగా మారుస్తుంది, అది కణాన్ని చంపుతుంది. ఈ మందుల్లో ఫొటోఫ్రిన్‌కు 1990లలోనే అనుమతులు వచ్చాయి. ఆక్సిజన్ సరిగా అందని కణితి మధ్యభాగంలో అది మొండికేస్తుంది. వేడికి ఆక్సిజన్‌తో పని లేదు. జపాన్ 2020లో తల, మెడ క్యాన్సర్లకు షరతులతో అనుమతించిన అకాలక్స్ ఇంకో దారి. అందులో నానో రేణువే లేదు, యాంటీబాడీకి తగిలించిన రంగు ఉంటుంది. కాంతి పడగానే అది కణం పొరను చింపేస్తుంది.

ఇక వేడి చికిత్స అనగానే హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల ఆసుపత్రుల్లో ఇప్పటికే ఉన్న రేడియో ఫ్రీక్వెన్సీ, మైక్రోవేవ్ అబ్లేషన్ గుర్తుకు రావాలి. లివర్‌లోని చిన్న కణితుల్లోకి సూది దించి కాలుస్తారు. నానో రేణువులేవీ అక్కర్లేదు. పాలిమర్ పద్ధతి పోటీపడాల్సింది నిజానికి దీనితో. సూది చుట్టూ ఉన్నదాన్నంతా కాల్చకుండా, రేణువులున్న మేరకే వేడి పుట్టించగలగడం దాని వాదన.

ఎటు వెళ్ళవచ్చు?

కోలీ గమనించిన సంగతి మళ్ళీ వచ్చేది ఇక్కడే. మరీ బొగ్గు చేయకుండా ఓ మోస్తరుగా వేడెక్కిస్తే, చచ్చే కణాలు తమ లోపలి పదార్థాలను విడుదల చేసి రోగనిరోధక కణాలను పిలుస్తాయి. అందుకని 42–45 డిగ్రీల తేలిక వేడిని ఇమ్యునోథెరపీ మందుతో, అంటే రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే మందుతో, జోడించే ప్రయోగాలు పెరిగాయి. వేడిని ప్రధాన ఆయుధంగా చూడటం తగ్గి, వేరే చికిత్సకు దారి తెరిచే సాధనంగా చూడటం మొదలైంది. వేడి పుట్టించడం, మందు మోయడం, ఫొటోఎకౌస్టిక్ చిత్రంలో (కాంతి పడినప్పుడు పుట్టే శబ్దంతో తీసే చిత్రం) తాను ఎక్కడుందో చూపించడం, మూడూ ఒకే రేణువు చేయగలగడం పాలిమర్‌కు కలిసొచ్చే చోటు. అయితే పనులు పెరిగే కొద్దీ ప్రతి బ్యాచీనీ ఒకేలా తయారుచేయడం కష్టమవుతుంది, అనుమతి ఆలస్యమవుతుంది. మన దేశంలో నానో మందులను ఎలా మదింపు చేయాలో చెప్పే మార్గదర్శకాలను కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2019 అక్టోబరులో విడుదల చేసింది. అంటే రేణువు తయారైతే పరీక్షకు పెట్టే బల్ల సిద్ధంగానే ఉంది.

కాంతి చేరగల చోట్లలో నోరు ముఖ్యమైనది. పొగాకు వల్ల నోటి క్యాన్సర్ మన దేశంలో ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ వైద్యశాస్త్రంలో ప్రత్యేకంగా నమోదైంది. తొలిదశలో దొరికితే ఆపరేషనే మేలైన దారి, దాన్ని లేజర్ పక్కకు నెడుతుందనుకోవడానికి ఇప్పటికి ఆధారం లేదు. ఆపరేషన్, రేడియేషన్ రెండూ అయిపోయి, అదే చోట గడ్డ మళ్ళీ లేచినప్పుడు పరిస్థితి వేరు. రేడియేషన్ మోతాదు ఇక పెంచలేరు, కోయడానికి కండ మిగలదు. వేడికి అలాంటి మోతాదు గరిష్ఠం లేదు, మళ్ళీ మళ్ళీ ఇవ్వవచ్చు. జపాన్‌లో కాంతి చికిత్సకు తలుపు తెరుచుకుంది కూడా, కోయడానికి వీల్లేని ఇలాంటి రోగుల దగ్గరే.